కల్యాణదుర్గం తోటలో చలి లెక్క: ఆపిల్ చెట్ల డైరీ, రెండో శీతాకాలం

అక్టోబరు చివరి వారం

చలిని తట్టుకునే పండ్లచెట్ల గురించి ఎక్కడ చదివినా మైనస్ డిగ్రీల మాటే కనిపిస్తుంది. బాగా నిద్రలోకి వెళ్ళిన ఆపిల్ చెట్టు మైనస్ 30 డిగ్రీల్లో కూడా బతుకుతుంది. చలి మెల్లమెల్లగా ముదిరేకొద్దీ దాని కణాల్లో చక్కెరలు పెరుగుతాయి. కణం లోపలి నీరు కొంత బయటికి వచ్చి, కణాల మధ్య ఖాళీల్లో గడ్డకడుతుంది. కణం లోపల మాత్రం మంచుగడ్డ పుట్టదు. కట్టెలోని కొన్ని కణాల్లోనైతే నీరు మైనస్ 40 దగ్గరిదాకా ద్రవంగానే ఉండిపోతుంది. అదే చెట్టు నిండు పూత మీద ఉన్నప్పుడు మైనస్ 2.2 డిగ్రీల్లో అరగంట ఉంటే చాలు, పదో వంతు పూలు పోతాయి. మైనస్ 3.9 కి పోతే నూటికి తొంభై పూలు మాడిపోతాయి. అంటే తట్టుకునే బలం చెట్టు రకంలో ఎంత ఉందో, ఆ పూట చెట్టు ఏ దశలో ఉందన్నదాంట్లోనూ అంతే ఉంది.

అనంతపురం జిల్లాలో మాకు మైనస్ భయం లేదు. మాకున్న ప్రశ్న తిరగబడినది. అంత చలి అడిగే చెట్టును చలి చాలని చోట పెట్టాం. ఇప్పుడేం చేయాలి? దానికి తోడు ఇంకో ప్రశ్న: మనకున్న ఈ కాస్త చలికే ఇబ్బంది పడే పంటలు మన తోటల్లోనే ఉన్నాయి, వాటికి ఏ రాత్రులు ప్రమాదం?

మా తోట కల్యాణదుర్గం దగ్గర. పైన రాతిగుట్ట, మధ్యలో ఎర్రనేల వాలు, కింద వంక. వాలు మీద పన్నెండు ఆపిల్ చెట్లున్నాయి: అన్నా నాలుగు, డోర్సెట్ గోల్డెన్ నాలుగు, హెచ్‌ఆర్‌ఎంఎన్-99 నాలుగు. మూడూ చలి తక్కువ అడిగే రకాలే. అన్నా ఇజ్రాయెల్‌లో పుట్టింది, 200 నుంచి 300 చలి గంటలు (మొగ్గ నిద్ర లేవడానికి 7.2 డిగ్రీల లోపు గడవాల్సిన గంటలు) చాలంటారు. డోర్సెట్ గోల్డెన్ బహామాస్ దీవుల్లోని నసావులో దొరికిన మొలక, ఇంకా తక్కువ చలితో సరిపెట్టుకుంటుంది. అన్నాకు పుప్పొడి ఇచ్చేది కూడా ఇదే, అందుకే రెండూ కలిపి పెడతారు. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా రైతు హరిమన్ శర్మ గారిది. కొండల మీది పంటను పల్లపు ఊళ్ళకు దింపిన మనిషి. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో అందరం నిజంగా సంతోషపడ్డాం. ఒక రైతు తన పెరట్లో మొలిచిన మొక్కను గమనించి, అంటు కట్టి, దేశమంతా పంచాడు.

పోయిన శీతాకాలం చెట్లను వాటి మానాన వదిలేశాం. డిసెంబరు దాటినా ఆకు రాలలేదు. ముదిరి, గరుకై, అంచులు ఎండి, కొమ్మలకే వేలాడింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొమ్మ కొసల్లో ఒక్కొక్క మొగ్గే విచ్చుకుంది. కొమ్మ పొడవునా ఉన్న మిగతా మొగ్గలు కదల్లేదు. కింద బోడి కొమ్మ, కొసన గుప్పెడు చిగురు. చలి సరిపోని చెట్టు ఎక్కడైనా ఇలాగే ఉంటుంది.

ఈసారి పనులు రెండు. తోటలో చలి ఎక్కడ ఎన్ని గంటలు ఉంటుందో కొలవడం ఒకటి, సగం చెట్లకు ఆకు దూసేయడం రెండోది.

నవంబరు మొదటి వారం: సెన్సార్లు

ఫోన్‌లో చూపించే కనిష్ఠ ఉష్ణోగ్రత మన తోటది కాదు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, గాలాడే తెల్ల చెక్కపెట్టెలో ఉంటుంది. అది ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చడానికి సరైన పద్ధతి. మొగ్గ ఉన్నచోట ఎంత చల్లగా ఉందో తెలియాలంటే మొగ్గ పక్కనే కొలవాలి.

తమ్ముడు డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్లు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మెమరీ కార్డు, చిన్న సోలార్ ప్యానెల్ కలిపి మూడు పెట్టెలు చేశాడు. పది నిమిషాలకోసారి రీడింగ్ రాసుకుంటాయి. ఈ సెన్సారు అర డిగ్రీ అటూఇటూ చూపిస్తుంది. అది మామూలు రోజువారీ పనికి చాలు, చలి గంటల లెక్కకు చాలదు. అందుకని బిగించేముందు సరిచూసుకున్నాం. థర్మాస్ ఫ్లాస్కులో మెత్తగా దంచిన ఐసు నింపి, అది మునిగేంత చల్లటి నీళ్ళు పోసి, సెన్సార్లన్నీ ఒకేసారి అందులో దించి, కలుపుతూ కాసేపు ఉంచాలి. అప్పుడు ఎంత చూపిస్తే అంత తేడాను సున్నాకు సరిదిద్దుకోవాలి. గడ్డలుగా ఉన్న ఐసుతో చేస్తే రీడింగు నిలకడగా రాదు, దంచాల్సిందే. మాకు ఒకటి 0.3 ఎక్కువ చూపించింది, ఒకటి 0.2 తక్కువ, ఒకటి సరిగ్గా ఉంది.

ఎండ నేరుగా తగిలితే సెన్సారు గాలి వేడిని కాక తన వేడిని చెప్తుంది. రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉంటే గాలికన్నా చల్లబడుతుంది. దీనికి గొడుగు కావాలి. తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు ఆరు బోర్లించి, మధ్యలో పైపు ముక్కలు దూరం కోసం పెట్టి, మూడు పొడుగు బోల్టులతో బిగించాం. పై పళ్ళేనికి రంధ్రం లేదు, కింది వాటికి మధ్యలో కోసి సెన్సారు వేలాడదీశాం. గాలి పక్కల నుంచి ఆడుతుంది, ఎండ పడదు.

పెట్టెలు పెట్టిన చోట్లు: గుట్ట అంచున ఒకటి, ఆపిల్ చెట్ల మధ్య మొగ్గల ఎత్తులో ఒకటి, వంక పక్కన పల్లంలో ఒకటి. వంక పక్కది మా హద్దు, ఆ అవతల మామ అరటి తోట. మేము కర్ర పాతుతుంటే ఆయన వచ్చి నిలబడ్డాడు.

“ఏం పాపా, చలికి గూడా మీటరు పెడతాండారా?”

“అవును మామా. రాత్రి ఎంత చల్లబడతాదో, ఎంతసేపు ఉంటాదో రాసుకుంటాది.”

“అట్లైతే మా అరటికి ఏమైతాందో గూడా జూడు. పోయినేడు పుష్యమాసంలో గెలలు బయటికి రాక గొంతుకాడనే ఇరుక్కుపాయ. మందు కొట్టినా రాలే.”

ఆ మాట విన్నాక వంక పక్క పెట్టెను ఇంకో పది అడుగులు ఆయన గట్టు వైపే జరిపాం.

నవంబరు మూడో వారం

బంగాళాఖాతంలో అల్పపీడనం. మబ్బు, ముసురు. మూడు పెట్టెలూ రాత్రంతా ఒకే గీత గీశాయి, పాయింట్ల తేడా తప్ప. నేల రాత్రిపూట తన వేడిని ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు ఉంటే అందులో చాలా భాగాన్ని మళ్ళీ నేలకే తిప్పి పంపుతుంది. అందుకే మబ్బు రాత్రి గుట్టకూ పల్లానికీ తేడా ఉండదు. ఇది రాసుకోవాల్సిన సంగతే. చలి గురించి జాగ్రత్తపడాల్సింది మబ్బు తేలిపోయి, గాలి ఆగిన రాత్రుల్లో.

ఆపిల్ చెట్లకు డ్రిప్పు ఆపేశాం. చీనీ (బత్తాయి) తోటలకు పూత కోసం నీళ్ళు ఆపి చెట్టును కాస్త వాడనిచ్చే పద్ధతి మా జిల్లాలో ప్రతి రైతుకూ తెలుసు. చీనీకి పూత పట్టించేవి రెండు: చలి, లేదా నీటి ఎద్దడి. చలి చాలని చోట మనం ఎద్దడితో పని జరిపిస్తాం. దానిమ్మకైతే నీళ్ళు ఆపి, పైన ఎథ్రెల్ కొట్టి ఆకు రాల్చి, కత్తిరింపు చేసి, మళ్ళీ నీళ్ళు ఇస్తారు. అంటే చెట్టుకు మనమే ఒక చలికాలాన్ని తయారుచేసి ఇస్తున్నాం. ఆపిల్‌కు చేయబోయేది కూడా అదే జాతి పని.

డిసెంబరు మొదటి పక్షం

ఆకాశం తేటపడింది. ఉత్తరపు గాలి పగలు వీచి సాయంత్రానికి ఆగిపోతోంది. మొదటి మంచి రాత్రి రీడింగులు చూసి నేనూ తమ్ముడూ చాలాసేపు మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున గుట్ట అంచున 15.1, ఆపిల్ దగ్గర 13.6, వంక దగ్గర 12. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. గుట్ట రాళ్ళు పగలు తాగిన ఎండను రాత్రి వదులుతుంటాయి. రెండూ కలిసి నాలుగైదు వందల గజాల్లోనే మూడు డిగ్రీల తేడా తెచ్చాయి. ఫోన్ ఆ రోజు 16 అని చూపించింది.

ఇప్పుడు చలి గంటల లెక్క. పాత పద్ధతి చాలా సూటిగా ఉంటుంది: 7.2 డిగ్రీల కన్నా తక్కువలో ఎన్ని గంటలు గడిచాయో లెక్కించడం. హిమాచల్, కశ్మీరుల్లో పెంచే డెలిషియస్ రకాలకు ఇవి వెయ్యికి అటూఇటూ కావాలి. మాకు వచ్చేది సున్నా. ఈ చలికాలమంతా గడిచినా సున్నాయే ఉంటుంది.

1974లో వచ్చిన యూటా పద్ధతి ఇంకొంచెం సూక్ష్మంగా చూస్తుంది. 2.5 నుంచి 9.1 డిగ్రీల మధ్య గడిచిన గంటకు ఒక మార్కు. 9.2 నుంచి 12.4 మధ్య గంటకు అర మార్కు. 12.5 నుంచి 15.9 మధ్య సున్నా. 16 నుంచి 18 మధ్య అర మార్కు కోత. 18 దాటితే గంటకు పూర్తి మార్కు కోత. ఎందుకంటే పగటి వేడి రాత్రి చేసిన పనిని చెరిపేస్తుంది.

మా ఆపిల్ చెట్ల దగ్గర బాగా చల్లగా ఉన్న ఒక రోజును వేసి చూశాను. 12.4 కన్నా తక్కువలో నాలుగు గంటలు, అంటే రెండు మార్కులు. 12.5 నుంచి 15.9 మధ్య ఎనిమిది గంటలు, సున్నా. 16 నుంచి 18 మధ్య రెండు గంటలు, ఒక మార్కు పోయింది. 18 పైన పది గంటలు, పది మార్కులు పోయాయి. మొత్తం మైనస్ తొమ్మిది. మంచి చలి రోజే ఇలా ఉంటే, మామూలు రోజుల సంగతి చెప్పక్కర్లేదు.

1987లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఫిష్‌మన్, ఎరెజ్ బృందం ఇచ్చిన డైనమిక్ మోడల్ వెచ్చటి దేశాలకు వీటికన్నా బాగా సరిపోతుంది. చలికి మొగ్గలో మొదట ఒక కచ్చా పదార్థం లాంటిది తయారవుతుందని, వేడి తగిలితే అది చెడిపోతుందని, తగినంత పోగుపడి స్థిరపడ్డాక మాత్రం ఇక వేడి దాన్ని ఏమీ చేయలేదని ఆ మోడల్ అనుకుంటుంది. దాని లెక్క కాగితం మీద జరగదు. తమ్ముడు కంప్యూటర్ షీట్‌లో వేశాడు. వచ్చింది చాలా చిన్న సంఖ్య. అన్నాకు కూడా ఏ లెక్కన చూసినా సరిపోదు.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో విషయం. నార్వేలో హైడే, ప్రెస్ట్రుడ్ 2005లో ఆపిల్, పియర్ మొక్కల మీద చేసిన పని. చాలా చెట్లు పొద్దు తగ్గడాన్ని బట్టి చలికాలం వస్తోందని గ్రహిస్తాయి. ఆపిల్, పియర్ అలా కాదు. పొద్దు ఎంత పొడవున్నా సరే, ఉష్ణోగ్రత 12 డిగ్రీల లోపుకు దిగి నిలిస్తేనే పెరుగుదల ఆపి నిద్రకు వెళ్తాయి. మా ఆపిల్ దగ్గర చలి 12 దరిదాపులకు వచ్చేదే రాత్రికి నాలుగు గంటలైతే గొప్ప. అంటే మా ఆపిల్ చెట్టు నిద్ర చాలక బాధపడడం లేదు. దానికి సరిగ్గా నిద్రే పట్టలేదు. లోతైన నిద్రలోకి జారని మొగ్గను లేపడానికి అన్ని గంటల చలి అక్కర్లేదు. అయితే ఇంకో రెండు అడ్డున్నాయి: పక్కనే అంటిపెట్టుకున్న ముదురాకు మొగ్గను అణచి ఉంచుతుంది, కొమ్మ కొసన ఉన్న మొగ్గ మిగతా వాటిని అణచి ఉంచుతుంది. ఆ రెండూ చేత్తో తీసేయగలిగినవి.

ఇండోనేసియాలో తూర్పు జావాలోని బాతు, మలాంగ్ రైతులు చేసేది ఇదే. భూమధ్యరేఖకు దగ్గరగా, చలికాలమే లేని కొండ ఊళ్ళలో ఏడాదికి రెండు ఆపిల్ పంటలు తీస్తారు. కాయ కోసిన కొన్నాళ్ళకు, మొగ్గ నిద్రలోకి జారకముందే, ఆకునంతా చేత్తో దూసేస్తారు. కొమ్మలను అడ్డంగా వంచి కడతారు. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, పూస్తుంది.

డిసెంబరు నడిమి వారం: ఆకు దూసిన రోజులు

ఒక్కో రకంలో రెండు చెట్లకు ఆకు తీసి, రెండింటిని పోలిక కోసం అలాగే వదిలాం. ఆకును కిందికి లాగితే తొడిమతో పాటు మొగ్గ తొక్క చీలుతుంది. అందుకే కత్తెరతో ఆకు భాగాన్ని మాత్రం కోసి, తొడిమను వదిలాం. తొడిమలు కొన్ని రోజులకు వాటంతటవే పసుపెక్కి రాలాయి. అమ్మ, పిన్ని చేయి వేస్తే పని త్వరగానే అయింది. వాళ్ళిద్దరూ మల్లెతోట పనిచేసిన చేతులు, ఒక్క మొగ్గకూ గాయం కాలేదు.

తర్వాత కొమ్మలు వంచడం. నిలువుగా పోయే కొమ్మను సుతిలి తాడుతో కట్టి, నేలలో కొట్టిన గూటానికి లాగి, దాదాపు అడ్డంగా తెచ్చాం. తాడు కొమ్మను కోయకుండా కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టాలి. కొమ్మ మొదట్లో విరగకుండా ఒక్కసారి కాక, రెండు మూడు విడతల్లో లాగాం. కొమ్మ అడ్డమైతే కొస పెత్తనం తగ్గి పొడవునా మొగ్గలు కదులుతాయి.

ఆకు పోయిన కాండానికి ఎండ తగులుతుంది. సున్నం చిక్కగా కలిపి కాండానికీ, లావు కొమ్మలకూ పూశాం. చలి దేశాల్లో కూడా చెట్లకు సున్నం పూస్తారు, కారణం వేరు. అక్కడ చలికాలపు ఎండకు ఒకవైపు బెరడు వేడెక్కి మేలుకుంటుంది, పొద్దు గుంకగానే ఒక్కసారిగా గడ్డకట్టి చీలిపోతుంది. మాకు ఫిబ్రవరి తర్వాతి ఎండ భయం.

ద్రాక్షకు మొగ్గ పగలడానికి వాడే హైడ్రోజన్ సయనమైడ్ పూయమని ఒకరిద్దరు చెప్పారు. అది పనిచేస్తుంది. కానీ మనిషికి విషం. ఒంటికి తగిలినా, పీల్చినా ప్రమాదం, ఆ రోజుల్లో సారాయి లాంటి మద్యం తాగితే ఇంకా ప్రమాదం. పిల్లలు తిరిగే తోటలో పన్నెండు చెట్ల కోసం ఆ పని చేయను. దాని బదులు 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ ఎరువు, పలచగా కలిపి ఒకసారి కొట్టాం. మామిడి రైతులకు ఇది తెలిసిన మందే. మామిడిలో పొటాషియం నైట్రేట్‌తో పూత తెప్పించవచ్చని ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త రామోన్ బార్బా 1970లలో చూపించాడు. కొమ్మ ముదిరి ఉంటేనే పనిచేస్తుంది, లేతకొమ్మకు కొడితే చిగురే వస్తుంది. అదే జాగ్రత్త ఇక్కడా పాటించాం.

ఆ తర్వాత మళ్ళీ డ్రిప్పు తెరిచాం.

జనవరి మొదటి వారం: వంక పక్కన

పుష్యమాసానికి పూస గుచ్చ పొద్దుండదంటారు. పొద్దు పొడవు డిసెంబరు 21, 22 తేదీలకే కనిష్ఠానికి వచ్చి మళ్ళీ పెరగడం మొదలవుతుంది. చలి మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ముదురుతుంది, నేల ఇంకా వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి. ఈ సీజన్‌లో అన్నిటికన్నా చల్లని రాత్రి ఈ వారంలోనే: గుట్ట దగ్గర 13.8, ఆపిల్ దగ్గర 12.1, వంక పక్కన 10.6.

మామ తోట చూడ్డానికి ఈ సంఖ్య చాలు. అరటికి నిద్ర అనే దశే లేదు. చలికి దాచుకునే మొగ్గ లేదు, గట్టిపడే కట్టె లేదు. కొత్త ఆకు రావడం 16 డిగ్రీల దిగువన బాగా నెమ్మదిస్తుంది, ఇంకా తగ్గితే ఆగిపోతుంది. కాయకైతే 13 డిగ్రీల లోపు చలి గాయమే, తొక్క లోపల గోధుమ రంగు చారలు పడి, పండినా మెరుపు రాదు. అరటిపండ్లను ఫ్రిజ్‌లో పెడితే నల్లబడేది ఇందుకే. కాండం లోపల గెల పైకి వస్తున్న సమయంలో పెరుగుదల నెమ్మదిస్తే, అది పై ఆకుల మొదళ్ళ దగ్గరే ఇరుక్కుపోతుంది.

మామ రీడింగుల కాగితం చేతిలోకి తీసుకుని, 16 లోపు గంటలకు నేను పెన్సిలుతో గీసిన గీతలు చూశాడు. పల్లంలో ఒక్కో రాత్రి పది గంటల పైనే.

“మా అబ్బ ఈ మడిలో ఎప్పుడూ అరటి పెట్టలే. వరి పెట్టేటోడు. ఇదా కతా?”

టిష్యూ కల్చర్ గ్రాండ్ నైన్ రకం అరటి నాటిన ఏడెనిమిది నెలలకు గెల వేస్తుంది. మేలో నాటితే గెల సరిగ్గా డిసెంబరు, జనవరిలో వస్తుంది. అదే చెట్టు గుట్ట వైపు వాలులో ఉంటే ఈ కష్టం తక్కువ. పల్లంలోనే పెట్టాలంటే నాటే నెల మార్చాలి.

ఈలోపు ఉన్న చెట్లకు ఏం చేయొచ్చో ఇద్దరం చూశాం. ఆయన చెత్త రాజేసి పొగ పెడుతున్నాడు. పొగ కంటికి దుప్పటిలా కనిపించినా, నేల నుంచి పోయే వేడిని అది పెద్దగా ఆపదు. మంట వేడి దగ్గరి గాలిని కాస్త కదిపితే అంతే లాభం. తడినేల మాత్రం నిజంగా పనికొస్తుంది. పొడినేలకన్నా పగలు ఎక్కువ వేడి దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పైగా మా బోరు నీళ్ళు తెల్లవారుజామున కొలిస్తే 27 డిగ్రీల చుట్టూ ఉన్నాయి, లోతు నీటికి ఏడాదంతా దాదాపు ఒకే వేడి. కాబట్టి సాయంత్రం కాకుండా తెల్లవారుజామున నీళ్ళు పెట్టమన్నాను. కాలువలో నీళ్ళు పారుతుంటే ఆవిరి లేచింది. ఇరుక్కున్న గెలలు దీంతో బయటపడవు. ఇక రాబోయేవాటికి కాస్త సాయం.

సంక్రాంతి

అక్క వాళ్ళ ఊరు ఉరవకొండ అవతల, నల్లరేగడి. పండగకు వెళ్ళి పప్పుశనగ చేలో నడిచాం. పొద్దున మంచుకు తడిసిన ఆకు కాళ్ళకు తగిలితే పంచె అంచులు పుల్లగా అయ్యాయి. ఆకు మీది సన్నని నూగు నుంచి మాలిక్ ఆమ్లం ఊరుతుంది, ఆ పులుపు అదే. వాన లేకుండా, నేలలో మిగిలిన తడితో, చలికాలాన్ని నమ్ముకుని బతికే పంట ఇది. చలిని ఇష్టపడేదే, కానీ అతి చలిని కాదు. రోజు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపుకు పోతే పూత రాలుతుంది. ఉత్తరాదిన డిసెంబరు, జనవరుల్లో ఆ బాధ ఉంటుంది, పంటకు చాలా నెలలు పడుతుంది. మా దగ్గర సగటు అంత దిగదు. అందుకే త్వరగా పూసి, ఎండ ముదిరేలోపు కోతకు వచ్చే జేజీ-11 లాంటి రకాలు ఇక్కడ నిలదొక్కుకున్నాయి. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ధీర రకం కాస్త ఎత్తుగా పెరిగి మిషన్ కోతకు వీలవుతుంది, బావ ఈసారి అదే వేశాడు. ఇక్కడ శనగకు శత్రువు చలి కాదు, చలి తొందరగా పోవడం.

జనవరి నాలుగో వారం: మొగ్గలు

ఆకు దూసిన చెట్లలో అన్నా మొదట కదిలింది. కొసలే కాదు, వంచిన కొమ్మ పొడవునా మొగ్గలు ఉబ్బి, బూడిద రంగు నూగుతో పగిలాయి. ఎదురుచూసిన దృశ్యం ఇదే. డోర్సెట్ గోల్డెన్ దాని వెనకే వచ్చి, నెలాఖరుకు గులాబీ రంగు మొగ్గలు తొడిగింది. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 చిగురు బాగా వేసింది, పూలు మాత్రం అక్కడక్కడే. వంచకుండా వదిలిన ఒకటి రెండు నిలువు కొమ్మల్లో పైమొగ్గలే తెరుచుకున్నాయి, కాబట్టి వంచడానికీ వాటా ఉంది. 13-0-45 అన్నిటికీ కొట్టాం గనుక దాని వాటా ఎంతో విడిగా చెప్పలేం.

పోలిక కోసం వదిలిన ఆరు చెట్లు పోయినేడులాగే ఉన్నాయి. ముదురాకు వేలాడుతోంది, రెండు మూడు కొసలు పచ్చబడ్డాయి. నాయన రెండు వరసల మధ్య నిలబడి అటూ ఇటూ చాలాసేపు చూశాడు.

పూత మీద తేనెటీగలు తక్కువగా వచ్చాయి. అన్నా పూలకు డోర్సెట్ పుప్పొడిని మెత్తటి పెయింటు బ్రష్‌తో అంటించాం. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు.

ఫిబ్రవరి నడిమి: పిందెలు, నాయన మాట

అన్నాకు పిందె నిలిచింది. గుత్తికి ఒకటి ఉంచి మిగతావి గిల్లేశాం, చిన్న చెట్టు మీద బరువు పెట్టకూడదు. ఆ పని చేస్తూ లెక్క వేసుకుంటే గుండె కాస్త బరువెక్కింది. పూతకూ కోతకూ సుమారు నాలుగు నెలలు. అంటే ఈ కాయలు మే నెలలో, మా ఎండలు 40 దాటే రోజుల్లో పెరగాలి. పడమటి వైపు కాయలు మాడిపోతాయి. గ్రీన్ నెట్ కట్టాల్సిందే.

రంగు సంగతి కూడా ఉంది. ఆపిల్ తొక్క ఎరుపెక్కాలంటే వెలుగుతో పాటు చల్లటి రాత్రులు కావాలి. ఇది చెప్తుంటే నాయన గిల్లడం ఆపి అన్నాడు:

“దానిమ్మ సంగతి మర్చిపోయినావా? చలికి పండిన కాయకే ఎరుపు. ఎండకు పండింది పాలిపోతాది. చీనీ జూడు, మన దగ్గర పచ్చగానే ఉంటాది, చలి ఉన్న సీమలో పసుపెక్కుతాది.”

నిజం. చీనీ తొక్కలో పచ్చదనం పోవడానికి చల్లటి రాత్రులే కావాలి. రుచికీ రంగుకీ సంబంధం లేదు గానీ, మార్కెట్లో కొనేవాళ్ళకు రంగే ముందు కనిపిస్తుంది.

అప్పుడే ఈ ప్రాజెక్టు దారి మారింది. ఆపిల్ మొగ్గను లేపడానికి మా చలి ఎలాగూ చాలడం లేదు. ఆ పని ఆకు దూసి, కొమ్మ వంచి మేమే చేస్తున్నాం. అలాంటప్పుడు ఆ పనికి చలికాలం దాకా ఎందుకు ఆగాలి? సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఆకు దూస్తే నవంబరులో పూత వస్తుంది, ఫిబ్రవరి, మార్చిలో కాయ దిగుతుంది. మాకున్న రెండు నెలల చలి మొగ్గకు చాలదు. కాయ తొక్క మీద రంగు తేవడానికి చాలుతుంది. 12, 13 డిగ్రీల రాత్రులు, మబ్బులేని పగటి వెలుగు, రెండూ ఆ నెలల్లోనే ఉన్నాయి. ఎండలు ముదిరేలోపు చెట్టు మీద బరువు కూడా దిగిపోతుంది.

దీనికి ఎదురుగా ఉన్నవి కూడా రాసుకున్నాను. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం ముసురు పూత మీద పడితే పుప్పొడి కడుక్కుపోతుంది, బూజు తెగుళ్ళు వస్తాయి. సెప్టెంబరుకు కొమ్మ ముదిరి ఉండాలంటే ఆగస్టు నుంచే నత్రజని తగ్గించాలి. ఈ వేసవిలో కాయ మోసిన చెట్టును వెంటనే మళ్ళీ పూతకు లేపితే అలిసిపోతుంది. అందుకే పోలిక కోసం వదిలిన ఆరు చెట్లకే ముందు ఈ తేదీ పెడతాం.

మార్చి మొదటి వారం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని అమ్మమ్మ అనేది. రీడింగుల్లో కూడా ఆ వారం నుంచే 16 లోపు గంటలు కరిగిపోయాయి.

ఇద్దరు ముగ్గురు రైతులు చెట్లు చూసి, ఎకరాకు ఎన్ని పెట్టొచ్చని అడిగారు. నేను వద్దనే చెప్పాను. మైదానంలో ఆపిల్ బతుకుతుంది, పూస్తుంది, కాస్తుంది, ఇది కళ్ళతో చూసిన మాట. కానీ ఆకు దూయడం, వంచడం, నెట్ కట్టడం, చేత్తో పుప్పొడి, ఇంత కూలి పెట్టి ఎకరాకు ఎంత వస్తుందో చూపించగల కాయ మా దగ్గర ఇంకా లేదు. పెరట్లో రెండు చెట్లు పెట్టుకోండి, ఒకటి అన్నా, ఒకటి డోర్సెట్ గోల్డెన్, దగ్గర దగ్గరగా. మొక్క కొనేటప్పుడు అంటు కట్టిన చోటు చూపించమని అడగండి. విత్తనపు మొక్కను పేరు పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. గుట్ట వాలు కన్నా పల్లపు చోటు ఆపిల్‌కు మంచిది, అరటికి చెడ్డది. మీ పొలంలో ఏది ఏదో తెలియాలంటే డిసెంబరు, జనవరుల్లో మబ్బులేని రాత్రులకు రెండు గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్లు పెట్టి చూడండి. మా పెట్టెలంత ఖర్చు అక్కర్లేదు.

మామ ఈసారి టిష్యూ కల్చర్ మొక్కలను మేలో కాకుండా జూలైలో దింపుతున్నాడు, గెల ఫిబ్రవరి, మార్చిలో వచ్చేలా. పల్లంలోని నాలుగు వరసలు వదిలి, అక్కడ మళ్ళీ వరే వేస్తాడట. వంక పక్క పెట్టెకు కొత్త బ్యాటరీ వేసి, అరటి గెల వేసే ఎత్తుకు, ఏడడుగుల కర్రకు మార్చి కట్టాం. ఆరు చెట్లకు ఎర్ర దారం చుట్టి, తొలి ఆకు కోతకు సెప్టెంబరు 28 అని తమ్ముడు షీట్‌లో రాశాడు.